ఆ రోజు వెళ్ళిన స్కూటర్

ఆ ఇంట్లో ఫ్రిజ్‌కి దొరికినన్ని సెలవులు మనుషులకి దొరికేవి కావు. ముందుగదిలో చెవులాయన చెయ్యి పైకెత్తాడంటే చాలు, ఎవరు దగ్గరుంటే వాళ్ళు పరుగున వెళ్ళి ఫ్రిజ్ ఆపాలి, ఫ్యాను ఆపాలి, పొయ్యి మీద కూతపెట్టేదేదైనా ఉంటే దించెయ్యాలి. ఆ తర్వాత ఎక్కడివాళ్ళక్కడ బొమ్మల్లా నిలబడిపోవాలి. తుమ్మొస్తే మింగాలి. దగ్గొస్తే కళ్ళనీళ్ళు పెట్టుకునైనా ఆపుకోవాలి. దాన్ని వాళ్ళు మౌనం పట్టడం అనేవాళ్ళు.

సినిమాలు తీసేవాళ్ళకి అది మామూలు పనే. ఏ గదిలో సీను తీసినా, మాటలన్నీ అయ్యాక, ఎవరూ మాట్లాడనప్పుడు ఆ గది ఎలా ఉంటుందో కాసేపు రికార్డు చేసి పెట్టుకుంటారు. తర్వాత మాటకీ మాటకీ మధ్య అతుకు వెయ్యాలంటే ఆ గది మౌనమే కావాలి, ఇంకో గదిది పనికిరాదు. చొక్కా చిరిగితే అదే తానులో గుడ్డతో మాసిక వేస్తావు కదా, ఇదీ అంతే అని చెవులాయన పెళ్ళైన కొత్తలో భార్యకి చెప్పాడు. కుట్టుపని తెలిసిన మనిషి కాబట్టి ఆమెకి చప్పున అర్థమైంది.

వాళ్ళది సినిమా కంపెనీ అనడం పెద్ద మాట, సగం షూటింగులు ఆ ఇంట్లోనే. అన్నదమ్ములిద్దరు, వాళ్ళ భార్యలిద్దరు, మేడ మీద అద్దెకుండే ఒక కెమెరా మనిషి. పెద్దాయన కథ రాసేవాడు, డైరెక్ట్ చేసేవాడు, మిగిలిన టైములో అందరి మీదా అరిచేవాడు. ఆయన భార్య, అందరికీ అక్క, వంట దగ్గర్నుంచి అనుమతుల దాకా చూసుకునేది. కెమెరా మనిషి ఉత్తప్పుడు మాట్లాడుతున్నా ఒక కన్ను మూసుకునే ఉంటాడని ఒంటికన్ను అని పేరు పెట్టారు. తమ్ముడు సౌండు మనిషి, అందుకే చెవులాయన. అతని భార్య గుండుసూది. నోట్లో ఎప్పుడూ ఒక వరస గుండుసూదులు కరుచుకుని తిరుగుతుందని బావగారు పెట్టిన పేరది. "మా గుండుసూదిని మాట్లాడించకండి, ఎవరో ఒకరికి గుచ్చుకుంటుంది" అనేవాడాయన నటులతో. బట్టలు ఆమె పని. ఏ షాటులో ఎవరి చొక్కాకి ఏ గుండీ ఊడి ఉందో గుర్తుపెట్టుకోవడమూ ఆమె పనే.

గుండుసూది పాపని గువ్వ అనేవాళ్ళు. అప్పుడప్పుడే పాకుతోంది. చేతికందినదేదైనా సరాసరి నోట్లోకే. గుండుసూది ప్రాణమంతా ఆ నోటి మీదే ఉండేది. ఏ గదిలోకి వెళ్ళినా ముందు నేల చూసేది. షూటింగుకి వెళ్ళినా సరే, బట్టల పెట్టె, గుండీల డబ్బా పాపకి అందనంత ఎత్తులో పెట్టాకే పనిలోకి దిగేది. పాప నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది, లేస్తే ఒళ్ళు తడిమి చూసేది.

"నీ భయంతో పిల్లకి గాలి కూడా ఆడనివ్వవే" అని అక్క వేళాకోళం చేసేది.

ఆ రోజు షూటింగు ఊరి చివర అద్దెకి తీసుకున్న, చెక్కనేల ఉన్న ఒక పాత ఇంట్లో. టీవీ ఛానెల్ వాళ్ళు ఒప్పుకున్న సినిమా. ఇల్లు వదిలి వెళ్ళిపోబోయే భర్త, భార్యతో ఒకే గదిలో గడిపే చివరి పూట, అంతే కథ. అందులో మాటలకన్నా మాట్లాడకపోవడమే ఎక్కువ. "మా తమ్ముడి కాపురం చూసే రాశాను, కాకపోతే ఇందులో డైలాగులు కాస్త ఎక్కువున్నాయి" అని పెద్దాయన అందరినీ నవ్వించాడు. చెవులాయన కూడా నవ్వాడు. అతను నవ్వినా చప్పుడు రాదు.

గువ్వని వెనకగదిలో నేల మీద పక్క పరిచి పడుకోబెట్టింది గుండుసూది. దుప్పటి దులిపింది. నేలంతా చేత్తో తడిమింది. మూలన మొగుడి నల్ల సంచీ ఉంది, మైకులవీ పెట్టుకునేది. అది ముందుగదిలో ఉంటే కెమెరాకి అడ్డొస్తుందని ఇక్కడ పెట్టాడు. జిప్పు వేసే ఉందనుకుంది. ముందుగదిలోకి చప్పుళ్ళు రాకుండా తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

సీను అయింది. భర్త వేషం వేసినతను అప్పటికే చెప్పులు వేసుకుని గడప వైపు చూస్తున్నాడు. "మౌనం పడుతున్నాం" అన్నాడు చెవులాయన. హెడ్‌ఫోన్లు సర్దుకుని చెయ్యి పైకెత్తాడు. అందరూ ఆగిపోయారు. గుండుసూది వెనకగది తలుపుకి కాస్త ఇవతల, నోట్లో సూదులతో, చేతిలో మడతపెట్టిన కోటుతో నిలబడింది.

అప్పుడు వచ్చిందా చప్పుడు. ఎక్కిళ్ళు మొదలయ్యేటప్పుడు వచ్చే మొదటి ఎక్కిలిలాంటిది. వచ్చిందా, రాలేదా అన్నంత చిన్నది.

ఆమె కాలు తనంతట తనే ఒక అడుగు ముందుకు వేసింది. బావగారు మెడ తిప్పకుండా కళ్ళు మాత్రం తిప్పి చూశాడు. ఆమె ఆగిపోయింది.

"చప్పుడొచ్చింది. ఇంకొక్కసారి" అన్నాడు చెవులాయన, ఎత్తిన చెయ్యి దించకుండానే.

మధ్యలో వెళ్ళి చూసి రావచ్చు. ఎవరూ తాళ్ళు వేసి కట్టెయ్యలేదు. కానీ ఆమె వెళ్తే అంతమందీ మళ్ళీ మొదట్నుంచీ నిలబడాలి, చెప్పులు వేసుకున్నతను విసుక్కుంటాడు, బావగారు పళ్ళు కొరుకుతాడు. ఈ ఒక్కటి అయిపోనీ అనుకుంది. పిల్ల ఏడవటం లేదు కదా అనుకుంది. ఏడవని పిల్ల గురించి భయపడటం ఆమెకి అప్పటికింకా తెలియదు.

రెండోసారి మౌనం ఎంత బాగా పడిందంటే, "అయింది" అన్నాక కూడా కాసేపటిదాకా ఎవరూ కదల్లేదు. "వెన్నలా ఉంది" అన్నాడు చెవులాయన.

ఆమె వెళ్ళి తలుపు తీసింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ గువ్వ గొంతులోంచి తీసింది ఒక నల్లటి స్పాంజి ముక్క. చొక్కా కాలరుకి పెట్టే మైకు ఉంటుంది చూశారా, గాలి చప్పుడు పడకుండా దానికి తొడిగే టోపీ. శనగగింజ కన్నా కాస్త పెద్దది. అప్పటికి తీసీ లాభం లేకపోయింది.

ఆస్పత్రి వసారాలో పెద్దాయన తమ్ముడి భుజం పట్టుకుని అడిగాడు. "రెండోసారి ఎందుకు పట్టావురా? మొదటిదాంతోనే అయిపోతే..."

"వీధిలో స్కూటర్ వెళ్ళిందన్నయ్యా" అన్నాడు చెవులాయన, నేల వైపు చూస్తూ.

పక్కనే బల్ల మీద కూర్చున్న గుండుసూది ఆ మాట వింది. మునిగిపోతున్న మనిషికి ఏదో చేతికి తగిలినట్టు దాన్ని పట్టేసుకుంది.

స్కూటర్ వెళ్ళింది. అయితే తను విన్నది స్కూటర్ చప్పుడే. బ్రేకు వేస్తే కీచుమంటుంది కదా, అదే. తను విన్నది గువ్వని కాదు. గువ్వని విని ఆగిపోలేదు.

ఆ తర్వాతి రోజులన్నీ ఆ స్కూటర్ మీదే ఆమె బతుకు ఈడ్చింది. దానికి రంగు కూడా వేసుకుంది. బూడిదరంగుది, పాతది, బ్రేకు తీగ వదులైనది, నడిపేవాడు మలుపు దగ్గర కుక్క అడ్డొస్తే ఆపాడు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఒకసారి, బట్టలు ఆరేస్తూ ఒకసారి, ఆ స్కూటర్‌ని వీధి ఈ చివర్నుంచి ఆ చివరికి పంపేది. వెళ్ళినకొద్దీ దాని చప్పుడు ఎక్కిళ్ళలాగే తయారైంది. అలా అయినప్పుడల్లా మళ్ళీ మొదట్నుంచి పంపేది.

ఆమెని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అనేవన్నీ మొగుణ్ణే అన్నారు. "సంచీ జిప్పు వేసుకోవడం చేతకాని మనిషికి పెళ్ళెందుకు, పిల్లలెందుకు" అని అక్క మరిది మొహం మీదే అంది. అతను తల వంచుకుని విన్నాడు. ఆమె తల్లి వచ్చి, కూతురి తల ఒళ్ళో పెట్టుకుని, "నా తల్లీ, నువ్వెంత జాగ్రత్త మనిషివే, నీకా ఇలా జరగాలి" అని ఏడ్చింది. ఆ మాట వింటూ ఆమె స్కూటర్‌ని ఇంకోసారి పంపింది.

కొన్నాళ్ళు పోయాక సినిమా పని మళ్ళీ మొదలైంది. చెయ్యకపోతే ఇల్లు గడవదు. ముందుగదిలో కంప్యూటరు ముందు అన్నదమ్ములు పొద్దస్తమానం కూర్చునేవాళ్ళు. గుండుసూది ఆ గడప తొక్కేది కాదు.

ఒక మధ్యాహ్నం చెవులాయన స్పీకరు బాగుచేయించడానికి బజారుకి వెళ్ళాడు. పెద్దాయన లోపలికి కేకేశాడు. "అమ్మాయ్, ఒక్కసారిలా వచ్చి ఈ చొక్కా చూడు. నా కళ్ళకి రెండూ ఒకేలా ఉన్నాయి."

ఆమె వెళ్ళి కుర్చీ వెనక నిలబడింది. తెర మీద భర్త వేషంవాడు కిటికీ దగ్గరున్నాడు. "ముందు షాటులో రెండో గుండీ ఊడి ఉంది బావగారూ, దీంట్లో పెట్టి ఉంది" అంది.

"చచ్చాం. సరే, అతను వెనక్కి తిరిగే దగ్గర కోసేస్తా." ఆయన సీను మొదట్నుంచి నడిపించాడు. భార్య వేషం వేసినామె ఏదో అడిగింది. భర్త జవాబు చెప్పలేదు. గదిలో మౌనం. "చూశావా, మాటలన్నీ ముక్కలు ముక్కలుగా ఉండేవి. ఈ మౌనం కింద పరిచాకే సీను నిలబడింది. మీ ఆయన పట్టినవాటిలో ఇంత శుభ్రమైంది ఇంకోటి లేదు. ఎక్కడన్నా ఒక్క నలుసు..."

ఆయన నాలిక కరుచుకున్నాడు.

"ఇది ఆ రోజుదేనా?" అంది ఆమె.

"ఆ గదిది ఇంకోటి లేదమ్మా. ఆ ఇంటాయన మళ్ళీ మనకి గేటు తియ్యనన్నాడు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మంచినీళ్ళు తాగొస్తానని లేచాడు. ఎంతకీ రాలేదు.

తెర మీద ఆ ఇద్దరూ అలాగే ఆగిపోయి ఉన్నారు. గుండుసూది కుర్చీలో కూర్చుంది. మొగుడి పక్కన కూర్చుని చూసిన పనే, ఏది ఎక్కడుంటుందో ఆమెకి తెలుసు. కంప్యూటర్లో ఆ షూటింగు ఇంటి పేరుతో ఉన్న ఫోల్డరు తెరిచింది. చివర్న రెండు మౌనాలు ఉన్నాయి. స్కూటర్ మొదటిదాంట్లో ఉండాలి. ఒక్కసారి దాన్ని వింటే చాలు. రోజూ తను పంపక్కర్లేదు, అదే వెళ్తుంది.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని నొక్కింది.

"గది మౌనం. మొదటిది" అంది మొగుడి గొంతు. ఎంత మామూలుగా ఉందో ఆ గొంతు. ఆ తర్వాత గది. ఎక్కడో కొళాయి బొట్టు. ఎవరిదో ముక్కు బుస, ఒంటికన్నుదే అయ్యుంటుంది. చెక్కనేల కింద ఏదో సన్నటి గొణుగుడు.

తర్వాత ఆ ఎక్కిలి.

వెంటనే ధడ్‌మని ఒక అడుగు. కోటు గుడ్డ రాసుకున్న చప్పుడు. ఆగడం.

"చప్పుడొచ్చింది. ఇంకొక్కసారి."

అంతే. ఆమె మళ్ళీ విన్నది. స్కూటర్ కోసం చెవులు రిక్కించి, సౌండు పెంచి, మళ్ళీ విన్నది. వీధిలో ఏమీ వెళ్ళలేదు. ఆ వీధి అసలు ఉన్నట్టే లేదు.

తల ఎత్తేసరికి చెవులాయన చంకలో స్పీకరుతో గడప దగ్గర నిలబడి ఉన్నాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న మనిషి కనిపిస్తే ఆ ఇంట్లో ఎవరైనా సరే ఆగిపోతారు. అతను కాలు లోపలికి పెట్టకుండా అలవాటుగా ఆగాడు. ఆమె వాటిని తీసి బల్ల మీద పెట్టింది.

"స్కూటర్ ఏదండీ?"

అతను స్పీకరుని నెమ్మదిగా నేల మీద దించాడు.

"ఇందులో స్కూటర్ లేదు" అంది ఆమె.

"లేదు."

"మరి చప్పుడొచ్చిందన్నారు."

"వచ్చింది."

"ఏం చప్పుడు?"

"నీ అడుగు" అన్నాడు. "చెక్కనేల కదా. చెవుల్లో సుత్తితో కొట్టినట్టు పడింది."

"దానికి ముందుది?"

అతను వంగి స్పీకరు తీగ చుట్టసాగాడు. ఆమె ఊరుకోలేదు. "దానికి ముందుది, మీకు వినపడిందా లేదా? చీమ నడిచినా వినపడుతుందని చెప్పుకుంటారు కదా మీ గురించి."

"వినపడింది."

"ఏమనుకున్నారు?"

"ఎక్కిళ్ళు వస్తున్నాయనుకున్నా." ఆమె మొహంలోకి చూడకుండా అడిగాడు. "నువ్వు?"

నోట్లో సూదులు లేకపోయినా ఉన్నట్టే ఉంది ఆమెకి. నాలిక ఎటు కదిపినా గుచ్చుకుంటోంది.

"నేనూ అదే అనుకున్నా" అంది.

లోపల అక్క గిన్నెలు సర్దుతున్న చప్పుడు కొంచెంసేపు వినిపించింది. తర్వాత అదీ ఆగిపోయింది.

"స్కూటరని ఎందుకు చెప్పారు?"

"అన్నయ్య ఎందుకు రెండోసారి అనడిగాడు. నీ అడుగని చెబితే, ఎందుకు వేసింది, వేసిన మనిషి ఎందుకు ఆగింది అని నిన్నడుగుతారు. సంచీ నాది, జిప్పు నాది. తిట్టడానికి వాళ్ళకి నేనున్నా కదా. ఇద్దరెందుకు?"

అది దయే. ఆ సంగతి ఆమెకి తెలుస్తోంది. అయినా అది ఒంటికి చల్లగా తగల్లేదు. ఇన్నాళ్ళూ పక్కన పడుకుని, ఎదురుగా కూర్చుని అన్నం తిని, అమ్మ 'జాగ్రత్త మనిషివే' అన్నప్పుడు గోడవైపు తిరిగి, ఈ మనిషి తన అడుగు సంగతి తెలిసే ఉన్నాడు. ఎన్నిసార్లు విని ఉంటాడో.

"మీకు తెలుసు" అంది. "నేను కూడా విన్నానని మీకు తెలుసు. నన్ను స్కూటర్ పట్టుకుని వేళ్ళాడనిచ్చారు."

"నువ్వు దాన్ని పట్టుకున్నావని నాకేం తెలుసు?" అన్నాడతను, నిజంగానే తెలియక. "నువ్వసలు మాట్లాడితే కదా."

ఆమె తెర వైపు చూసింది.

"ఆ రెండోది తీసెయ్యండి."

"తీస్తే అక్కడేం పెట్టను? ఏమీ పెట్టకపోతే గొయ్యి తవ్వినట్టుంటుంది."

"ఉండనివ్వండి."

"అన్నయ్య ఒప్పుకోడు."

"పాప పోతూ ఉంటే పట్టింది అది. వెన్నలా ఉందన్నారు మీరు. దాని మీద ఎవరో కూర్చుని భార్యాభర్తల్లా నటిస్తారు, ఊరంతా టీవీలో చూస్తుంది." గొంతు పెరగలేదు, అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. "అది ఉంటే నేను ఈ ఇంట్లో ఉండను."

పెద్దాయన గడప అవతలే ఉన్నాడు. ఎంతసేపట్నుంచి విన్నాడో, లోపలికొచ్చి తమ్ముడి వంక, మరదలి వంక చూశాడు. ఆయనకి అరవడానికి ఏమీ దొరకలేదు. "మన ఈ గదిలోనే ఇంకోటి పట్టరా" అన్నాడు చివరికి. "ఇంచుమించు అంతే ఉంటుంది."

"అతుకు తెలిసిపోతుందన్నయ్యా."

"తెలిస్తే తెలియనీ."

ఆ సాయంత్రం అందరూ ముందుగదిలోకి చేరారు. అక్క వెళ్ళి ఫ్రిజ్ ఆపొచ్చి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ గోడకి ఆనుకుంది. ఒంటికన్ను మేడ దిగి వచ్చి, చెప్పులు బయటే విడిచి, రెండు కళ్ళూ తెరిచి నిలబడ్డాడు. పెద్దాయన కుర్చీలోంచి లేచాడు, కూర్చుంటే అది కిర్రుమంటుందని. గుండుసూది రాదేమో అనుకున్నారు. వచ్చింది. వెనకగదికి వెళ్ళే తలుపుకి ఇవతల నిలబడింది. తెలిసే నిలబడిందో, కాళ్ళు అక్కడికే తీసుకెళ్ళాయో మరి.

"మౌనం పడుతున్నాం" అన్నాడు చెవులాయన. హెడ్‌ఫోన్లు సర్దుకుని చెయ్యి పైకెత్తాడు. "గది మౌనం. మొదటిది."

ఇల్లు ఆగిపోయింది.

మొదట ఆమె కూడా అందరిలాగే ఊపిరి బిగపట్టింది. తర్వాత ఒక అడుగు వేసింది. బావగారు మెడ తిప్పకుండా కళ్ళు తిప్పాడు, అలవాటు. వెంటనే ఆ కళ్ళు దించేసుకున్నాడు. ఆమె ఇంకో అడుగు వేసింది. ఉత్తకాళ్ళు బండల మీద చప్పుడు చేస్తున్నాయి. దాచుకోలేదు. తలుపు నెట్టింది, అది సాగదీసి మూలిగింది. వెనకగదిలోకి నడిచింది. అక్కడ గోడవారగా మడతపెట్టిన గువ్వ పక్క ఉంది, ఎవరూ విప్పని పక్క. దాని ముందు గొంతుక్కూర్చుని, మడత విప్పి, దుప్పటి దులిపింది. నేలంతా అరచేత్తో తడిమింది, ఈ మూల నుంచి ఆ మూల దాకా. అరచెయ్యి రాపిడి ముందుగదిలోకి వినిపిస్తోంది. ఏమీ దొరకలేదు. తడుముతూనే ఉంది.

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎవరూ కదల్లేదు.

చెవులాయన కళ్ళు మూసుకుని వింటున్నాడు. ఎత్తిన చెయ్యి దించలేదు. చప్పుడొచ్చిందని అనలేదు.